గోడ కూలింది, మనిషి నిలిచాడు: విశాఖ కంటికి బస్టర్ కీటన్

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు విశాఖపట్నంలో ఉన్నవారికి గాలి ఏమేం చేయగలదో ఒకరు చెప్పనక్కరలేదు. విమానాశ్రయం పైకప్పు ఊడిపోయింది. ఇళ్ల మీది రేకులు వీధులు దాటి ఎగిరాయి. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఏళ్లనాటి చెట్లు వేళ్లతో సహా పెకలిపోయాయి, పచ్చగా ఉన్న కొండలు ఒక్క పూటలో మోడుబారాయి. ఆ రోజును తలుపు వెనక నిలబడి గడిపినవారికి, 1928లో విడుదలైన ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ అనే అమెరికన్ మూకీ చిత్రంలోని చివరి ఘట్టం ఒట్టి హాస్యంగా కనిపించదు. అందులో ఆస్పత్రి భవనం గోడలూ కప్పూ పెట్టె మూత తీసినట్టు లేచిపోతాయి. మంచం మీదున్న యువకుడు ఆ మంచంతో సహా వీధుల వెంట కొట్టుకుపోతాడు. కాసేపటికి అతడు ఒక ఇంటి ముందు దిక్కుతోచక నిలబడి ఉండగా, వెనకనున్న ఆ ఇంటి ముందరి గోడ మొత్తంగా అతడి మీదికి ఒరుగుతుంది. పై అంతస్తులో తెరిచి ఉన్న కిటికీ సరిగ్గా అతడు నిలబడ్డ చోటికి వచ్చి వాలుతుంది. గోడ నేలకు కొట్టుకుంటుంది, కిటికీ ఖాళీలో మనిషి నిలిచే ఉంటాడు.

ఆ గోడ అట్టముక్క కాదు, అందులో కెమెరా కనికట్టూ లేదు. దాని బరువు సుమారు రెండు టన్నులని చెబుతారు. మనిషి భుజాలకూ కిటికీ చట్రానికీ మధ్య వదిలిన సందు రెండేసి అంగుళాలు. కొలత ఏ కాస్త తప్పినా చిత్రమూ ఉండేది కాదు, నటుడూ ఉండేవాడు కాదు. ఆ నటుడే బస్టర్ కీటన్ (1895–1966). మూకీల కాలపు హాస్యనటుల్లో చాప్లిన్ పేరు తెలుగునాట ప్రతి ఇంటికీ చేరింది, కీటన్ పేరు మాత్రం ఫిల్మ్ సొసైటీల గడప దాటి బయటికి పెద్దగా రాలేదు. అయితే సముద్రమూ, రైలు పట్టాలూ, ఓడలూ, తుపానులూ దినచర్యలో భాగమైన రేవు పట్టణానికి ఈ ఇద్దరిలో దగ్గరివాడు ఎవరంటే కీటన్ పేరే చెప్పవలసి వస్తుంది.

అతడి జీవితం గురించి సాధారణంగా వినిపించే కథ చాలా చిన్నది: మూకీల్లో రాజుగా వెలిగాడు, టాకీలు వచ్చాయి, మాట రాక మరుగునపడ్డాడు. తెలుగు పాఠకుడికి ఈ కథ వెంటనే నమ్మబుద్ధవుతుంది, అందుకు కారణమూ ఉంది. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో కనిపించినవారిలో సురభి కమలాబాయి వంటి రంగస్థల నటులదే పైచేయి. ఆ తరువాత చాలాకాలం మన తెర మీద నిలవడానికి పద్యం పాడగల గొంతు మొదటి అర్హత. అందుచేత టాకీ రాక అంటే గొంతు పరీక్ష అని మన సినీ చరిత్ర మనకు నేర్పింది. కీటన్ విషయంలో మాత్రం ఈ లెక్క సరిపోదు. అతడు ఓడిపోయింది మాట దగ్గర కాదు, పని పద్ధతి దగ్గర. ఆ పద్ధతి ఎక్కడ పుట్టిందో, ఎలా పనిచేసిందో, ఎవరి చేతుల్లో విరిగిందో చూస్తేనే అతడి ఎదుగుదలా పతనమూ అర్థమవుతాయి.

కీటన్ 1895 అక్టోబర్ 4న కాన్సస్ రాష్ట్రంలోని పిక్వా అనే చిన్న ఊరిలో పుట్టాడు. అది తల్లిదండ్రుల సొంత ఊరు కాదు. మందులమ్ముతూ వినోదం చూపే సంచార బృందంలో జో, మైరా కీటన్ దంపతులు తిరుగుతుండగా దారిలో పురుడు వచ్చిన చోటు అది. పెట్టిన పేరు జోసెఫ్. పసితనంలో మెట్ల మీది నుంచి దొర్లిపడి ఏడవకుండా లేచాడనీ, అది చూసిన ఇంద్రజాలికుడు హూడినీ ‘బస్టర్’ అని పిలిచాడనీ ఆ కుటుంబం చెప్పుకునేది. ఆ పేరు పెట్టింది హూడినీ అన్న మాటను పరిశోధకులు పూర్తిగా నమ్మరు. ప్రదర్శనలతో పొట్టపోసుకునే కుటుంబం తన కథకు కాస్త మెరుగు పెట్టుకోవడంలో వింతేమీ లేదు.

ఐదేళ్లు నిండే నాటికే ఆ పిల్లవాడు ‘త్రీ కీటన్స్’ అనే పేరుతో తల్లిదండ్రుల పక్కన రంగస్థలం మీద ఉన్నాడు. తండ్రి అతణ్ణి ఎత్తి తెరల మీదికి, మేళగాళ్లు కూర్చునే గుంటలోకి, ఒక్కోసారి అల్లరి చేసే ప్రేక్షకుల మీదికి కూడా విసిరేవాడు. విసరడానికి వీలుగా చొక్కా వీపున పెట్టె పిడి ఒకటి కుట్టి ఉండేది. పిల్లల రక్షణ సంఘాలవారు ఒంటి మీద దెబ్బల కోసం వెతికేవారు. ఏమీ దొరికేవి కావు, ఎందుకంటే పడటం ఎలాగో పిల్లవాడికి బాగా తెలుసు. మన వీధుల్లో గడ ఎక్కి ఆడే కుటుంబాల పిల్లలను చూసినవారికి ఈ చదువు కొత్తది కాదు. అక్కడ నడక కన్నా ముందు పల్టీ వస్తుంది, అక్షరం కన్నా ముందు తూకం వస్తుంది. కీటన్ బడిలో కూర్చున్నది నామమాత్రమే.

ఆ వేదిక మీదే అతడు ఇంకో సంగతి గ్రహించాడు. విసిరేసినప్పుడు తాను నవ్వితే జనం అంతగా నవ్వడం లేదు, తాను గంభీరంగా ఉంటే హాలు హోరెత్తుతోంది. తరువాత ప్రపంచమంతా ‘రాతిముఖం’ అని పిలిచిన ఆ ముఖం తత్త్వచింతన నుంచి వచ్చింది కాదు, ఏడెనిమిదేళ్ల వయసులో రోజుకు రెండు మూడు ఆటలు ఆడిన అనుభవం నుంచి వచ్చింది.

1917 నాటికి తండ్రి తాగుడు వల్ల ఆ కుటుంబ ప్రదర్శన ఆగిపోయింది. కీటన్ న్యూయార్క్ చేరి, ఒక పెద్ద రంగస్థల ప్రదర్శనలో వారానికి 250 డాలర్లకు కుదిరాడు. ఆ పనిలో చేరకముందే హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ అతణ్ణి తన స్టూడియో చూడటానికి పిలిచాడు. అక్కడ జరిగింది అతడి జీవితంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంఘటన అనుకోవచ్చు: అతడికి నటన కన్నా ముందు కెమెరా మీద మనసు పడింది. దాన్ని విప్పి, లోపల రీలు ఎలా కదులుతుందో, బొమ్మ ఎలా పడుతుందో తెలుసుకున్నాకే అతడి మనసు కుదుటపడింది. 250 డాలర్ల కొలువు వదులుకుని 40 డాలర్లకు సినిమాలో చేరాడు. ‘ది బుచర్ బాయ్’ అతడి మొదటి చిత్రం. 1918లో సైన్యంలోకి వెళ్లి ఫ్రాన్స్‌లో ఉండగా చెవికి ఇన్ఫెక్షన్ సోకి వినికిడి కొంత దెబ్బతింది. మూకీ నటుడికి అది పెద్ద లోటు కాలేదు. తిరిగి వచ్చాక నిర్మాత జోసెఫ్ షెంక్ 1920లో అతడికి సొంత యూనిట్‌ను, అంతకుముందు చాప్లిన్ పనిచేసి వెళ్లిన స్టూడియోను అప్పగించాడు.

ఆ స్టూడియోలో 1920 నుంచి 1928 వరకు నడిచిన పని తీరును నేటి సినిమావాళ్లు చూస్తే ఆశ్చర్యపోతారు. రాసిన స్క్రిప్టు ఉండేది కాదు. కీటన్, క్లైడ్ బ్రక్‌మన్, జీన్ హావెజ్, జోసెఫ్ మిచెల్ వంటి హాస్యరచయితలు, సెట్లూ యంత్రాలూ కట్టే ఫ్రెడ్ గాబూరీ ఒక గదిలో కూర్చుని కథ మొదలూ చివరా తేల్చుకునేవారు. మధ్యభాగం దానంతట అదే వస్తుందన్నది కీటన్ నమ్మకం. షూటింగ్‌లో ఆలోచన తట్టకపోతే అందరూ కలిసి బేస్‌బాల్ ఆడేవారు, ఎవరికో ఒకరికి దారి తట్టగానే ఆట వదిలి కెమెరా దగ్గరికి వెళ్లేవారు. తీసిన చిత్రాన్ని ముందుగా మామూలు ప్రేక్షకులకు చూపి, వారు ఎక్కడ నవ్వారో గమనించి దిద్దుకునేవారు. ‘సెవెన్ ఛాన్సెస్’ (1925) చిత్రాన్ని అలా చూపినప్పుడు, కొండ వాలు మీద పరుగెత్తుతున్న కీటన్ కాలు తగిలి రెండు మూడు రాళ్లు దొర్లిన చోట జనం ఊహించని విధంగా నవ్వారు. యూనిట్ వెనక్కి వెళ్లి, చిన్న రాళ్ల నుంచి ఇంటంత బండల దాకా వందల కొద్దీ కృత్రిమ రాళ్లు చేయించి, అతడి వెంట దొర్లించి, ఆ రెండు క్షణాల నవ్వును ఒక పూర్తి ఘట్టంగా పెంచింది. ఇలా పనిచేయడానికి డబ్బు కన్నా ముందు కావలసింది, పైనుంచి ఎవరూ ‘స్క్రిప్టులో ఇది లేదే’ అని అడగకపోవడం. షెంక్ అడగలేదు.

కీటన్ కెమెరాను మనిషికి దూరంగా పెట్టేవాడు. పడే మనిషీ, పడేసే వస్తువూ, పడబోయే చోటూ ఒకే చట్రంలో ఉండాలి. మధ్యలో షాటు తెంచి కోత పెడితే ప్రేక్షకుడు మోసం అనుకుంటాడు. ‘షెర్లాక్ జూనియర్’ (1924)లో సినిమా హాలు ఆపరేటరు కునుకు తీసి, కలలో తెర లోపలికి నడిచి వెళతాడు. లోపల దృశ్యం తోట నుంచి వీధికి, వీధి నుంచి కొండ కొమ్ముకు, అక్కడి నుంచి సింహాల మధ్యకు మారిపోతున్నా మనిషి మాత్రం అదే చోట, అదే భంగిమలో ఉంటాడు. దీని కోసం యూనిట్ సర్వేయర్ల పనిముట్లతో కెమెరాకూ మనిషికీ మధ్య దూరాన్ని కొలిచి, ప్రతి కొత్త స్థలంలోనూ అంగుళం తేడా లేకుండా నిలబెట్టింది. అదే చిత్రంలో రైలు ఇంజన్లకు నీళ్లు పట్టే గొట్టం పట్టుకుని వేలాడినప్పుడు నీళ్ల ధాటికి పట్టాల మీద పడ్డాడు. కొన్ని రోజుల తలనొప్పి తరువాత పని కొనసాగించాడు. ఆనాడు మెడ ఎముక విరిగిందన్న సంగతి చాలా ఏళ్ల తరువాత ఎక్స్‌రేలో బయటపడింది.

విశాఖ ప్రేక్షకుడు ముందుగా చూడదగినది ‘ది బోట్’ (1921) అనే రెండు రీళ్ల, అంటే ఇరవై నిమిషాలకు అటూ ఇటూ నడిచే చిన్న చిత్రం. ఇంటిలోనే పడవ కట్టిన తండ్రి దాన్ని బయటికి లాగబోతే ఇల్లు కూలుతుంది. చివరికి రేవుకు చేర్చి నీటిలోకి వదులుతాడు. ముందు భాగాన ఠీవిగా నిలబడిన కీటన్‌తో సహా ఆ పడవ జారుడుబల్ల మీది నుంచి నీటిలోకి దిగుతుంది, అలా దిగుతూనే ఉంటుంది, ఏ ఆర్భాటమూ లేకుండా మునిగిపోతుంది. టోపీ ఒక్కటి నీటి మీద తేలుతుంది. 1948 మార్చి 14న ఇక్కడి షిప్‌యార్డులో కట్టిన ‘జల ఉష’ ఓడ జలప్రవేశం చేసినప్పుడు నెహ్రూ స్వయంగా వచ్చిన ఊరు ఇది. ఓడ నీటిలోకి జారే ఆ అర నిమిషంలో కట్టినవాళ్ల గుండె ఎక్కడ ఉంటుందో షిప్‌యార్డు కుటుంబాలకు తెలుసు. ఆ భయాన్నే కీటన్ ముగింపు దాకా తీసుకెళ్లి నవ్వుగా మార్చాడు.

‘ది నావిగేటర్’ (1924) ఇంకా పెద్ద ఊహ. గాబూరీకి ‘బ్యూఫోర్డ్’ అనే పాత ఓడ ఒకటి తుక్కుకు వెళ్లబోతూ కనిపించింది. 1919లో అరాచకవాద నాయకురాలు ఎమ్మా గోల్డ్‌మన్ సహా 249 మందిని అమెరికా ప్రభుత్వం దేశం నుంచి వెళ్లగొట్టినప్పుడు ఎక్కించిన ఓడ అదే. ముందు ఓడ దొరికింది, కథ దాని చుట్టూ పుట్టింది. ఎదుటి ఇంటికి వెళ్లడానికి కూడా కారు ఎక్కే గొప్పింటి కుర్రవాడూ, అలాంటి ఇంటి అమ్మాయీ పొరపాటున ఒక ఖాళీ ఓడలో చిక్కుకుంటారు. కట్లు తెగిన ఆ ఓడ సముద్రం మీదికి కొట్టుకుపోతుంది. కాఫీ పెట్టుకోవడం కూడా తెలియని ఈ ఇద్దరి ముందు వందల మందికి వండే వంటశాల ఉంటుంది. ఒక్క గుడ్డు ఉడకబెట్టడానికి గంగాళం, నాలుగు గింజలతో సముద్రపు నీటి కాఫీ. కొన్ని వారాలు గడిచేసరికి అదే వంటశాలలో తాళ్లూ కప్పీలూ బిగించి, ఒక తాడు లాగితే గుడ్డు దానంతట అదే నీటిలోకి దిగే ఏర్పాటు చేసుకుంటారు. యంత్రం ముందు మనిషి చిన్నవాడే, కాని ఓపికగా గమనిస్తే దానితో కాపురం చేయగలడు. ఈ సూత్రం కీటన్ చిత్రాలన్నిటిలోనూ ఉంది.

2020 అక్టోబర్‌లో బంగ్లాదేశ్‌కు చెందిన ‘ఎం.వి. మా’ అనే సరకు ఓడ వాయుగుండం గాలులకు లంగరు ఆగక కొట్టుకువచ్చి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డున చిక్కుకుంది. మరునాటి నుంచి ఊరు ఊరంతా చూడటానికి కదిలింది. దాన్ని హోటలుగా మారుద్దామన్న ఆలోచన కూడా సాగింది. ప్రమాదమే అయినా, అంత పెద్ద ఓడ రాళ్ల పక్కన ఏమీ చేయలేక నిలబడి ఉండటంలో జనానికి తెలియకుండానే నవ్వు తెప్పించేదేదో ఉంది. తీరం వెంబడి నడవవలసిన పిల్లవాడిలా అది దారి తప్పి వచ్చినట్టుంది. ‘ది నావిగేటర్’ నడిచేది ఆ నవ్వు మీదే. పొరుగు ఊళ్లవారికి వివరించి చెప్పవలసిన ఈ సంగతి విశాఖలో చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇక ‘ది జనరల్’ (1926). అమెరికా అంతర్యుద్ధంలో 1862లో ఉత్తరాది గూఢచారులు దక్షిణాది రైలు ఇంజనును ఎత్తుకుపోయిన నిజమైన ఉదంతం దీనికి ఆధారం. కీటన్ కథను తిరగేసి, ఇంజను పోగొట్టుకున్న దక్షిణాది డ్రైవరును నాయకుణ్ణి చేశాడు. ఆ పక్షం బానిసత్వాన్ని నిలబెట్టడానికి పోరాడినదన్న స్పృహ చిత్రంలో ఎక్కడా కనిపించదు. నేటి ప్రేక్షకుడికి అది వెలితిగానే తోస్తుంది, తోచాలి కూడా. ఆ వెలితిని పక్కకు నెట్టకుండానే చిత్రనిర్మాణాన్ని చూడాలి. ఒక రైలు మరో రైలును తరుముతుంది. చిత్రం సగం అయ్యాక అదే పట్టాల మీద, అవే మలుపుల్లో ఆట తిరగబడి, తరిమినవాడే పారిపోతాడు. పట్టాల మీది నుంచి పక్కకు తప్పుకోలేకపోవడమే రైలుకున్న గుణమూ దోషమూ. కథనం మొత్తం ఆ ఒక్క భౌతిక సత్యం మీద నడుస్తుంది. ప్రియురాలి తిరస్కారంతో కుంగిన నాయకుడు ఇంజను చక్రాలను కలిపే ఇనుప కడ్డీ మీద కూర్చుని ఉండగా, ఇంజను కదిలి అతణ్ణి ఎత్తుతూ దించుతూ షెడ్డులోకి తీసుకుపోతుంది. చక్రం ఒక్కసారి జారి వేగంగా తిరిగినా ప్రాణం పోయే షాటు అది.

చివర కాలుతున్న వంతెన మీది నుంచి అసలైన ఇంజను ఒకటి నదిలో కూలుతుంది. 1926 జూలై 23న ఓరెగాన్ రాష్ట్రంలోని కాటేజ్ గ్రోవ్ దగ్గర రౌ నది మీద దాన్ని తీశారు. రెండోసారి తీసే అవకాశం లేదు. ఆ ఒక్క షాటుకు 42,000 డాలర్లు అయ్యాయనీ, మూకీ యుగంలో అంతకన్నా ఖరీదైన షాటు లేదనీ చెబుతారు. కూలిన ఇంజను రెండో ప్రపంచ యుద్ధకాలంలో తుక్కు కోసం తీసుకుపోయేవరకు నదిలోనే పడి ఉంది. ఇంత చేసినా అప్పటి విమర్శకులు చిత్రాన్ని చప్పగా ఉందన్నారు, ఖర్చుకు తగ్గ రాబడి రాలేదు. కీటన్ మీద నిర్మాతల నమ్మకం సడలడం ఇక్కడ మొదలైంది, సంభాషణల చిత్రాలు ఇంకా హాళ్లలోకి రాకముందే.

రాతిముఖం అన్న బిరుదు గురించి కూడా కాస్త ఆగి చెప్పుకోవాలి. భరతుడు అభినయాన్ని ఆంగిక (ఒంటి కదలిక), వాచిక (మాట), ఆహార్య (వేషం), సాత్వికాలుగా (లోపలి భావం) విభజించాడు. మూకీలో వాచికం ఎలాగూ లేదు. తక్కిన నటులు ఆ లోటును ముఖంతో, అంటే కళ్లు తిప్పడం, గుండెలు బాదుకోవడం వంటి అతిశయంతో పూరించారు. కీటన్ ముఖాన్ని కట్టడి చేసి, బరువంతా ఆంగికం మీద వేశాడు. నవ్వు మాత్రమే నిషిద్ధం, భావం కాదు. పెద్ద కళ్లలో అయోమయం, లెక్క, పంతం, దిగులు వేరువేరుగా కనిపిస్తాయి. ఆహార్యంలో అతడి గుర్తు చదునైన టోపీ. మామూలు టోపీలను తానే కత్తిరించి, చక్కెర నీళ్లతో అంచు గట్టిపరిచి తయారుచేసుకునేవాడు. తెర మీది అక్షరాల కార్డులను కూడా తగ్గించాడు. ఒక్కో చిత్రంలో 200కు పైగా కార్డులు పడే రోజుల్లో తాను 56 దాటలేదని తరువాత చెప్పుకున్నాడు. మన ఊళ్లలో మూకీలు ఆడిన కాలంలో తెర పక్కన నిలబడి కార్డులు చదివి వినిపించే మనిషికి కీటన్ చిత్రం పడితే పని సగానికి సగం తగ్గి ఉండేది.

1928లో షెంక్ సొంత యూనిట్‌ను మూసివేసి, తన అన్నదమ్ముడు నికొలస్ చేతిలో ఉన్న ఎం.జి.ఎం. అనే పెద్ద హాలీవుడ్ సంస్థలో చేరమని కీటన్‌కు సలహా ఇచ్చాడు. వద్దని చాప్లిన్, మరో హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ ఇద్దరూ హెచ్చరించారు. ఆ ఇద్దరూ తమ చిత్రాలకు తామే యజమానులు, కీటన్ కాదు. అతడు చిత్రాల హక్కులను గానీ స్టూడియోను గానీ తన పేరిట పెట్టుకోలేదు, లెక్కల జోలికి పోలేదు. వారానికి 3,000 డాలర్ల జీతానికి సంతకం చేశాడు, తన జీవితంలో చేసిన పెద్ద తప్పు ఇదేనని తరువాత రాసుకున్నాడు. ఎం.జి.ఎం. ఒక కర్మాగారం. అక్కడ స్క్రిప్టు ముందే రాసి, పై అధికారులు ఆమోదించి, ప్రతి షాటుకూ ఖర్చు లెక్కగట్టాకే కెమెరా తిరగాలి. పాత బృందంలో చాలామంది చెదిరిపోయారు. ఖరీదైన నటుడికి దెబ్బ తగిలితే నష్టం కాబట్టి ప్రమాదకరమైన విన్యాసాలు వద్దన్నారు. అక్కడ తీసిన మొదటి చిత్రం ‘ది కెమెరామన్’ (1928)లో పోరాడి కొంత స్వేచ్ఛ తెచ్చుకున్నాడు, అందుకే అది బాగుంది. తరువాత పోరాడే ఓపిక తగ్గింది.

ఇక్కడ రెండు వాస్తవాలు టాకీల కథను తలకిందులు చేస్తాయి. మొదటిది, 1929 నాటి ‘స్పైట్ మ్యారేజ్’ను మాటలతో తీయాలని కీటనే కోరాడు, సంస్థ ఒప్పుకోలేదు. మాట్లాడవలసిన చోట మనుషుల్లా మాట్లాడాలనీ, పని జరిగే చోట మాట అక్కర్లేదనీ అతడి వాదన. రెండోది, అతడి టాకీలు ఆడాయి. ‘ఫ్రీ అండ్ ఈజీ’ (1930) మొదలుకొని ఎం.జి.ఎం.లో చేసిన మాటల చిత్రాలు డబ్బు తెచ్చాయి, ‘ది జనరల్’ కన్నా మెరుగ్గానే తెచ్చాయి. కొన్నిటికి స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ రూపాలను కూడా వేరుగా తీసినప్పుడు, రాని భాషల్లోని మాటలను ఉచ్చారణ బట్టీపట్టి చెప్పాడు. గొంతు బొంగురుగా, లోతుగా ఉండేది. ఆ ముఖానికి అది నప్పింది. జనం అతడి గొంతును కాదనలేదు.

మారింది పాత్ర. పాత చిత్రాల్లో కీటన్ నాయకుడు మొదట చేతకానివాడిలా కనిపించినా కళ్లతో చూసి, చేతులతో నేర్చి, ఓడనో రైలునో చివరికి లొంగదీసుకునేవాడు. ఎం.జి.ఎం. అతణ్ణి ఎల్మర్ అనే పేరుతో పదేపదే ఒక తెలివితక్కువవాడిగా చూపి, అతడి మీద జాలిపడమంది. పక్కన గలగలా మాట్లాడే జిమ్మీ డ్యురాంటేను జత చేసింది. పనిమంతుణ్ణి మొద్దుగా మార్చాక అతడు మాట్లాడినా ఒకటే, మాట్లాడకున్నా ఒకటే. డబ్బు వస్తున్నందువల్ల సంస్థకు తన తప్పు కనిపించలేదు. కీటన్‌కు కనిపించింది, తాగుడు పెరిగింది.

తరువాతి పదేళ్లను త్వరగా చెప్పుకోవచ్చు. 1921లో పెళ్లాడిన నటాలీ టాల్మడ్జ్ 1932లో విడాకులు తీసుకుని, ఇద్దరు కొడుకుల ఇంటిపేరును కూడా మార్పించింది. 1933లో ఎం.జి.ఎం. అతణ్ణి తొలగించింది. చవక చిత్రాల సంస్థల్లో రెండు రీళ్ల హాస్యాలు చేశాడు. వారానికి 3,000 డాలర్లు ఇచ్చిన అదే ఎం.జి.ఎం.కు 100 డాలర్ల జీతం మీద తిరిగి వెళ్లి, రెడ్ స్కెల్టన్ వంటి హాస్యనటులకు హాస్య సన్నివేశాలు అల్లిపెట్టాడు. ఇది పతనమే, కాని పూర్తి విషాదంగా చూపే అలవాటు కొంత అతి. 1940లో నర్తకి ఎలినార్ నారిస్‌ను పెళ్లాడాడు. అతడి కన్నా 23 ఏళ్లు చిన్నదైన ఆమె చివరిదాకా తోడుంది. 1947లో పారిస్ మెద్రానో సర్కస్‌లో ఆడితే హాలు నిండింది.

1949లో సినీ విమర్శకుడు జేమ్స్ ఏజీ ‘లైఫ్’ పత్రికలో మూకీ హాస్యం మీద రాసిన వ్యాసం కీటన్‌ను చాప్లిన్, లాయిడ్‌ల సరసన తిరిగి కూర్చోబెట్టింది. ఆ తరువాతి మలుపు ఎవరైనా కథలో రాస్తే నమ్మరు. ఒకప్పటి కీటన్ భవంతిని కొన్న నటుడు జేమ్స్ మేసన్‌కు 1950లలో ఆ ఆవరణలో పాత రీళ్ల డబ్బాలు దొరికాయి. ఆ కాలపు నైట్రేట్ ఫిల్ము నిల్వ ఉంటే పొడి అయ్యేది, అంటుకుంటే ఆరేది కాదు. మన దేశపు మూకీల్లో అత్యధిక భాగం ఇలాగే పోయాయి, రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌ల ‘భీష్మ ప్రతిజ్ఞ’తో సహా. ఒక నటుడి ఘనత అతడి ప్రతిభ మీద ఎంత ఆధారపడిందో, డబ్బా మూత ఎంత గట్టిగా ఉందన్న దాని మీదా అంతే ఆధారపడింది. రేమండ్ రోహవర్ అనే పంపిణీదారు ఆ చిత్రాలను మళ్లీ ప్రదర్శనకు తెచ్చాడు. 1960లో గౌరవ ఆస్కార్ వచ్చింది. 1972లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఎంపికలో, ఒకప్పుడు చప్పగా ఉందన్న ‘ది జనరల్’ మొదటి పది చిత్రాల్లో నిలిచింది. అతడి 1920ల చిత్రాలకు అమెరికాలో ఇప్పుడు కాపీహక్కుల అడ్డు లేదు, ఎవరైనా ఫోనులో చూడవచ్చు. ఒక్క జాగ్రత్త అవసరం: ఆ రోజుల్లో కెమెరాను చేత్తో తిప్పేవారు కాబట్టి, వేగం సరిచేయని ప్రతుల్లో మనుషులు బొమ్మల్లా గంతులు వేస్తారు. ఆ గంతులను కీటన్ హాస్యంగా పొరబడకూడదు.

చనిపోవడానికి ఏడాదిన్నర ముందు, 1964లో, కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు కోసం కీటన్ ‘ది రైల్‌రాడర్’ అనే చిన్న చిత్రంలో నటించాడు. అందులో మాటలు లేవు. మన పట్టాల మీద ట్రాక్ సిబ్బంది వాడే మోటారు ట్రాలీ వంటి బండి ఒకదాని మీద ఒక ముసలాయన దేశానికి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లడమే కథ. బండి అడుగున చెయ్యి పెడితే దుప్పటి, టీ సామాను, బట్టలు ఏది కావాలంటే అది వస్తుంది. ‘ది నావిగేటర్’ వంటశాలే ఇక్కడ చక్రాలెక్కింది. ఎత్తైన వంతెన మీద ఆ బండి వెళుతుండగా, విప్పిన పటం గాలికి ఒంటికి చుట్టుకుని కళ్లు కనపడకుండా చేసే దృశ్యం ఉండాలని కీటన్ అన్నాడు. దర్శకుడు జెరాల్డ్ పాటర్టన్, 69 ఏళ్ల మనిషికి ఏమవుతుందోనని భయపడి దాన్ని తేలిక చేయబోయాడు. కీటన్ విసుక్కున్నాడు, వాదించాడు. ఈ సంఘటన అదే సమయంలో తీసిన డాక్యుమెంటరీలో నమోదై ఉంది. చివరికి అతడు చెప్పినట్టే తీశారు. కెమెరా దూరంగా ఉంది. వంతెనా, కింద లోయా, బండీ, పటంలో చుట్టుకుపోయిన మనిషీ అన్నీ ఒకే చట్రంలో ఉన్నాయి. బండి ఆగకుండా వంతెన దాటింది.